రిఫరీ గారి తెల్లచొక్కా

మా ఆయన దృష్టిలో ఈ లోకంలో రిఫరీలు రెండే రకాలు. అమ్ముడుపోయినవాళ్ళు, ఇంకా బేరం కుదరనివాళ్ళు. మూడో రకం కూడా ఉంటుందేమోనని ఎవరైనా అంటే, అలా అన్న మనిషి మీద కూడా అనుమానపడతారు. ఇది తప్పిస్తే బంగారంలాంటి మనిషి. మాకు లాండ్రీ షాపు ఉంది. చొక్కా జేబులో ఎవరైనా ఏదైనా మరిచిపోతే ఇంటికి వెళ్ళి మరీ ఇచ్చి వస్తారు. బొత్తాం ఊడితే అడక్కుండానే నాచేత కుట్టిస్తారు. ఆదివారం సాయంత్రం గ్యాలరీలో కూర్చున్నారంటే మాత్రం ఆ మనిషి వేరు. టాస్ వేయకముందే మొదలుపెడతారు. "చూడు చూడు, ఆ నాణెం ఎలా పట్టుకున్నాడో చూడు!"

మా వీధి ఫుట్‌బాల్ జట్టుది ఎర్రచొక్కా. వంతెన అవతలివాళ్ళది ఆకుపచ్చ. మా ఎర్రవాళ్ళు కప్పు గెలిచి ఎన్నాళ్ళయిందని అడిగితే మా గ్యాలరీలో ఎవరికీ గుర్తుండదు. ఎన్నిసార్లు మోసపోయారో అడిగితే మాత్రం ఆ రోజు ఎండ ఎటు కాసిందో కూడా చెబుతారు. ఈ గ్యాలరీకి పెద్దదిక్కు మా బావగారు, అంటే మా ఆయనకు స్వయానా అన్నగారు. మా షాపుకు ఆనుకునే ఆయన బేకరీ. ఆయన తర్వాత చెప్పుకోవాల్సినవాడు రీప్లే. తాళాలు బాగుచేయడం అతని వృత్తి. జరిగిన ప్రతి ఫౌల్‌నూ లేచి నిలబడి, ఒళ్ళంతా మెల్లగా తిప్పుతూ మళ్ళీ చేసి చూపిస్తాడు కాబట్టి ఆ పేరు. అతను చూపించేటప్పుడు మావాడు ఎప్పుడూ అమాయకంగా పడిపోతాడు, అవతలివాడు ఎప్పుడూ కావాలనే తంతాడు.

ఇక రిఫరీ. వారమంతా బస్సు కండక్టరు, ఆదివారం మా లీగు రిఫరీ. బక్కపలచని మనిషి, మాట మెత్తన. అతని బస్సు వంతెన అవతలి స్టాపులో మన స్టాపులో కంటే ఒక్క క్షణం ఎక్కువ ఆగుతుందని రీప్లే కనిపెట్టాడు. అక్కడ ఆస్పత్రి ఉంది, ముసలివాళ్ళు దిగుతారు, ఆగదా మరి అన్నాను నేను.

"వదినా, మీకు ఆట తెలీదు, ఊరుకోండి" అన్నాడు.

ఎన్ని మాటలు పడ్డా ఆ కండక్టరు తన బట్టలు మా షాపులోనే వేసేవాడు. మా ఇస్త్రీకి ఊళ్ళో అంత పేరు. మా లీగులో రిఫరీకి తెల్లచొక్కా, నల్ల నిక్కరు. ఆ తెల్లచొక్కాను మా ఆయన ఎంత తిట్టుకుంటూ ఉతికినా, మడత మీద మడత పెట్టి కాగితంలో చుట్టి పద్ధతిగానే ఇచ్చేవారు.

సెమీఫైనల్ మాకూ ఆకుపచ్చవాళ్ళకూ పడింది. ఆ వారంలోనే వాళ్ళ మేనేజరు కొత్త జెర్సీల మూట మోసుకుంటూ మా షాపుకొచ్చాడు. కొత్త గుడ్డ గరగరలాడుతోంది, ఒకసారి ఉతికి మెత్తబరచాలట. వాళ్ళ వైపు లాండ్రీలో మిషను చెడిపోయిందట. మామూలుగా అయితే ఆ మూట నేనే చూసేదాన్ని. కొత్త రంగుబట్టలు విడిగా, చన్నీళ్ళలో, ముందు ఒక మూల తడిపి చూసి వేయాలి. మా పనిలో మొదట నేర్చుకునేది అదే. కానీ ఆరోజు నాకు దవడపన్ను పీకించుకోక తప్పలేదు. పీకింది మా ఊరి పళ్ళ డాక్టరు. ఆయనే లీగుకు ప్రెసిడెంటు కూడా. వంతెనకు రెండువైపులవాళ్ళ పళ్ళూ ఊడబెరికినవాడు కాబట్టి పక్షపాతం ఉండదని ఎన్నుకున్నారు. బుగ్గ బూరెలా పొంగి నేను ఇంట్లో పడుకున్నాను. షాపు మా ఆయనకు వదిలేశాను. అదీ నేను చేసిన పని.

ఆదివారం సాయంత్రం గ్రౌండు కిటకిటలాడిపోయింది. ముందు మావాళ్ళు వచ్చారు. తర్వాత ఆకుపచ్చవాళ్ళు వచ్చారు. కొత్త జెర్సీలని విన్నాం గానీ చూస్తే వెలవెలబోతున్నాయి, ముదురాకు రంగు కాస్తా లేతాకు రంగయింది. వాళ్ళ వెనకే రిఫరీ వచ్చాడు. అతని చొక్కా కూడా లేతాకు రంగే. అచ్చం అదే రంగు. దూరం నుంచి చూస్తే వాళ్ళ జట్టులో ఇంకో మనిషి చేరినట్టుంది.

గ్యాలరీ ఒక్కసారి నోరు వెళ్ళబెట్టింది. నేను మా ఆయన వైపు చూశాను. టాస్ వేయకముందే మొదలుపెట్టే మనిషి నోరు కుట్టేసినట్టు కూర్చున్నారు. 

"బరితెగించాడ్రా! యూనిఫారం కూడా వేసుకొచ్చేశాడు!" అని బావగారు ఒంటికాలి మీద లేచారు. అంతే, గ్యాలరీ దద్దరిల్లింది. అప్పుడు మా ఆయన కూడా లేచారు. లేచి అందరికంటే గట్టిగా అరిచారు. గొంతు బొంగురుపోయేదాకా అరిచారు. ఆ అరుపులో ఏదో తేడా ఉందని నాకు అప్పుడే తట్టింది.

ఆట మధ్యలో ఇంకో వింత జరిగింది. ఆకుపచ్చవాళ్ళ కుర్రాడొకడు కంగారులో తలెత్తి చూసి, తమవాడే అనుకుని బంతిని నేరుగా రిఫరీ కాళ్ళ దగ్గరకు తన్నాడు. పాపం ఆ కండక్టరు ఎగిరి తప్పుకున్నాడు.

"పాస్ కూడా ఇచ్చుకుంటున్నార్రా బాబూ!" అని బావగారు నెత్తి బాదుకున్నారు.

చివర్లో మా డిఫెండరు గోలు ముందు బంతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. మా బావగారు వేడి రొట్టె ట్రే పట్టుకున్నంత భద్రంగా పట్టుకున్నాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. గోలు పడింది, మేం ఓడిపోయాం. చేతులు వాటంతట అవే ఎలా పైకి వచ్చాయో, బంతే వచ్చి వాటిలో ఎలా పడిందో రీప్లే వీధి మలుపు దాకా చేసి చూపిస్తూనే ఉన్నాడు.

ఇంటికెళ్ళకుండా నేను నేరుగా షాపులోకి వెళ్ళి పెద్ద మిషను తలుపు తీశాను. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడత ఎత్తి చూస్తే, అందులో ఆకుపచ్చ నీళ్ళు నిలిచి ఉన్నాయి. వెనకే మా ఆయన వచ్చి నిలబడ్డారు.

"ఏమండీ, వాళ్ళ జెర్సీలకు ఏ నీళ్ళు పెట్టారు?"

"వేడినీళ్ళు. కొంచెం."

"ఎంత కొంచెం?"

"దుప్పట్లకు పెట్టేంత."

"కొత్త రంగుబట్టలకా? తెలిసే పెట్టారా?"

"కాస్త వెలిసిపోతే బాగుంటుందనిపించింది" అన్నారు నేల చూపులు చూస్తూ. "సెమీఫైనల్లో కొత్త బట్టలేసుకుని కులుకుతారా అని. అంతకుముందు ఉతికిన తెల్లచొక్కా డ్రమ్ముకు అతుక్కుని ఉండిపోయిందని నాకేం తెలుసు? తీసేటప్పుడు తడిమీద తెలియలేదు. ఇస్త్రీ చేశాక తెలిసింది. అప్పటికి ఆ కండక్టరు కౌంటరు ముందు నిలబడి ఉన్నాడు. కాగితంలో చుట్టి ఇచ్చేశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. బుగ్గ నొప్పి కూడా మరిచిపోయాను. "మరి అంతలా అరిచారేం?"

"ఊరుకుంటే అందరూ నా వైపు చూస్తారేమోనని."

మర్నాటికల్లా బావగారు ఫిర్యాదు తయారుచేశారు. రిఫరీ ఆకుపచ్చవాళ్ళకు బహిరంగంగా అమ్ముడుపోయాడు, అతన్ని లీగు నుంచి శాశ్వతంగా తీసేయాలి. మొదటి సంతకం మా ఆయనచేత పెట్టించారు. తమ్ముడు కదా! ఈయన పెట్టేసి వచ్చారు. గురువారం ప్రెసిడెంటు అందరినీ పిలిచి విచారిస్తానన్నాడు.

బుధవారం కండక్టరు మా షాపుకొచ్చాడు. చేతిలో ఆ చొక్కా. గొడవ పెట్టుకోలేదు, గొంతు కూడా పెంచలేదు.

"అన్నగారూ, కాగితం గ్రౌండులోనే విప్పాను, వేసుకోవడానికి ఇంకో చొక్కా లేదు. ఇది ఉతుకులో అంటిన రంగని డాక్టరు గారితో చెప్పాను. నువ్వు చెబితే చాలదు, ఉతికిన మనిషి వచ్చి చెప్పాలన్నారు. రేపు మీరొక్క మాట చెప్పండి. ఎలా జరిగిందో నాకు అక్కర్లేదు."

మా ఆయన ఇస్త్రీపెట్టె మీంచి తలెత్తలేదు. అప్పుడతను నా వైపు తిరిగాడు.

"బస్సులో నేను విజిల్ వేస్తే డ్రైవరొక్కడే వింటాడమ్మా. గ్రౌండులో వేస్తే అందరూ ఆగుతారు. తిడతారనుకోండి, కానీ ఆగుతారు. అది కూడా పోతే నాకు ఆదివారం దేనికి?"

అతను వెళ్ళాక నేను ఊరుకోలేదు. మా ఆయన కూడా ఊరుకోలేదు.

"చెబితే షాపు మూసుకోవాలి. కస్టమరు బట్టలు కావాలని పాడుచేశాడంటే ఇక మనకెవడిస్తాడు? పైగా అన్నయ్య జన్మలో నా మొహం చూడడు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏమీ పోదు."

"మీది పోదు. అతని విజిల్ పోతుంది" అన్నాను. "ఏ రిఫరీనైనా తిట్టుకోండి, నాకేం? ఇతని విషయంలో మాత్రం లోకంలో ఒక్కరే నిజం కళ్ళారా చూశారు. ఆ ఒక్కరూ మీరే. నన్ను వెళ్ళి చెప్పమంటారా?"

ఆయన ఎవరిదో చొక్కా కాలర్ ఇస్త్రీ చేస్తూ చేస్తూ మాడ్చేశారు. ఇన్నేళ్ళలో ఆయన చేతిలో గుడ్డ మాడడం నేనెప్పుడూ చూడలేదు.

గురువారం విచారణ ప్రెసిడెంటు క్లినిక్కులోనే జరిగింది. రోగులు కూర్చునే బల్లల మీద ఒక పక్క మా వాళ్ళు, ఇంకో పక్క ఆకుపచ్చ మేనేజరు, మధ్యలో కండక్టరు ఒంటరిగా. బావగారు చెప్పాల్సింది చెప్పారు. రీప్లే ఆ పాస్‌ను చేసి చూపించబోయి కాలుతో చెత్తబుట్ట తన్నేశాడు. అప్పుడు మా ఆయన లేచి నిలబడ్డారు. 

"ఆయన ఏ పాపం ఎరగడు. ఆ రంగు నావల్ల అంటింది. ఆకుపచ్చవాళ్ళ జెర్సీలు వెలిసిపోవాలని నేనే వేడినీళ్ళు పెట్టాను. అందులో ఈయన చొక్కా పడింది. నా సంతకం కొట్టేయండి."

నేను పెళ్ళినాడు కూడా ఆయన్ని చూసి అంత గర్వపడలేదు. ఆకుపచ్చ మేనేజరు మాత్రం పళ్ళు కొరికాడు. ఇంతలో వెనక నుంచి రీప్లే గొంతు వినిపించింది.

"ఎంతకి కుదిరింది బేరం?"

మా ఆయన తెల్లబోయారు. "ఏం బేరం రా?"

"అవతలివాళ్ళ జెర్సీలు ఊరికే మీ షాపుకు ఎందుకొచ్చాయి? ఇన్నాళ్ళూ రానివి ఇప్పుడే ఎందుకొచ్చాయి?" రీప్లే కళ్ళు మెరిసిపోతున్నాయి. "వదిన షాపులో లేని రోజే ఎందుకొచ్చాయి? వదినను ఆరోజు ఇంట్లో పడుకోబెట్టింది ఎవరు? పన్ను పీకింది ఎవరు?"

అందరూ ఒక్కసారిగా పళ్ళ డాక్టరు వైపు చూశారు. ఆయన తెల్లకోటు గుండీలు పెట్టుకున్నాడు.

"అది పుచ్చిపోయిన పన్నండీ!" అని నేను అరిచాను. ఎవరు వింటారు?

బావగారు మా ఆయన వైపు చూసిన చూపు మాత్రం నేను మరిచిపోలేను. కోపం కాదది, బాధ. "ఒరే, నిన్ను కూడా కొనేశార్రా?" అన్నారు.

మా ఆయనకు పౌరుషం వచ్చింది. "పదండి షాపుకి! మీ కళ్ళముందే చేసి చూపిస్తాను" అన్నారు. వాళ్ళ వైపు మిషను ఇంకా బాగుపడక, మ్యాచిలో మాసిన ఆకుపచ్చ జెర్సీలు ఎలాగూ మా షాపులోనే ఉన్నాయి. అందరం ఊరేగింపులా నడిచి వచ్చాం. తెల్లగుడ్డ ఏది అంటే, బావగారే తన ఏప్రన్ విప్పి విసిరేశారు. పేరుకు తెలుపు గానీ పిండి, వెన్న, గుడ్డుసొన, మాడిన చక్కెర అన్నీ దానిమీదే ఉన్నాయి. జెర్సీలతో కలిపి మిషనులో వేసి, వేడినీళ్ళు పెట్టి, తలుపు బిగించారు మా ఆయన. మా షాపులో అంతమంది ఎప్పుడూ పట్టలేదు. ఆ గుండ్రటి అద్దం ముందు మెడలు సాచి, ఊపిరి బిగబట్టి, ఫైనల్ చూస్తున్నట్టు చూశారు. "ఆకుపచ్చ ముందుకొస్తోంది... ఏప్రన్ కిందికెళ్ళింది... మళ్ళీ లేచింది" అని రీప్లే చెబుతూనే ఉన్నాడు.

మిషను ఆగింది. మా ఆయన తలుపు తీసి ఏప్రన్ పైకెత్తి పట్టుకున్నారు.

మల్లెపువ్వులా ఉంది. బేకరీ తెరిచిన రోజున కూడా అది అంత తెల్లగా ఉండి ఉండదు.

నేను గోడకు చేరగిలబడిపోయాను. కొత్త గుడ్డ వదలాల్సిన రంగంతా మొదటి ఉతుకులోనే వదిలేస్తుంది. రెండోసారికి దానిలో ఏం మిగులుతుంది? మా ఆయనకూ నాకూ నిద్రలో లేపి అడిగినా తెలిసిన సంగతి అది. కంగారులో ఇద్దరికీ తట్టలేదు. ఆయన ఆ సంగతి చెప్పబోయారు. చెప్పినకొద్దీ మాట తడబడింది, తడబడినకొద్దీ జనం తలలూపుకున్నారు.

బావగారు ఏప్రన్ అందుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "ఇంత బాగా ఉతికేవాడు చొక్కా పాడుచేశాడంటే నేను నమ్మాలా?" అని, దాన్ని భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

మొదటి సంతకం పెట్టినవాడే కాదంటున్నాడు కాబట్టి ఫిర్యాదు చెల్లదని డాక్టరు తేల్చేశాడు. కండక్టరు విజిల్ కండక్టరుకే ఉంది. అతను మా ఆయన రెండు చేతులూ పట్టుకుని గట్టిగా ఒకసారి నొక్కి వెళ్ళాడు. షాపు మూసుకోవాలని ఈయన భయపడ్డారు గానీ, జరిగింది వేరు. ఆ ఏప్రన్ తెల్లదనం ఊరంతా పాకిపోయి మాకు బట్టల మూటలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. పోయింది గ్యాలరీ. వీధిలో ఎదురైతే రీప్లే తాళంచెవుల గుత్తి చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు. బావగారు బేకరీలో మా షాపు వైపున్న కిటికీ రెక్కలు మూసేశారు. మా ఆయన రోజుకోసారి ఆ రెక్కల వైపు చూసి, మళ్ళీ పనిలో పడేవారు. 

తర్వాతి ఆదివారం మూడో స్థానానికి మ్యాచి. మా ఆయన రానంటే రానన్నారు. నేనే బలవంతంగా లాక్కెళ్ళాను. గ్యాలరీలో ఎవరూ జరిగి చోటివ్వలేదు. వెళ్ళి మైదానం మూల, జెండా పక్కన గట్టుమీద కూర్చున్నాం. ఆయన నోరు మెదపకుండా చూశారు. అలా ఆయన ఆట చూడడం నేను మొదటిసారి చూశాను.

ఆట అయిపోవస్తోందనగా మావాళ్ళు గోలు కొట్టారు. కానీ మేమున్న మూల నుంచి అంతా గీత గీసినట్టు కనబడింది. అటునుంచి బంతి తన్నేసరికే మావాడు అవతలి ఆటగాళ్ళందరినీ దాటిపోయి, గోలు ముందు ఒంటరిగా, బస్సు కోసం నిలబడినవాడిలా నిలబడి ఉన్నాడు. పచ్చి ఆఫ్‌సైడ్. రిఫరీ మాత్రం గోలు ఇచ్చేశాడు. మేం గెలిచాం.

గ్యాలరీ ఎగిరి గంతులేసింది. "ఇదీ రిఫరీ అంటే! నిప్పులాంటి మనిషి!" అని రీప్లే అరుస్తున్నాడు. బావగారు మైదానానికి అడ్డంపడి చేతులు చాచుకుంటూ మా వైపే వస్తున్నారు.

"రారా తమ్ముడూ! మన దెబ్బకి దారిలోకి వచ్చాడు!"

మా ఆయన నోరు మూసుకుని ఆ చేతుల్లోకి వెళితే అన్నీ సర్దుకుంటాయి. నాకూ అదే కావాలనిపించింది, అబద్ధమెందుకు? కానీ ఆయన అన్నగారిని దాటి నేరుగా రిఫరీ దగ్గరకు వెళ్ళారు. వెనకే నేను, నా వెనక బావగారు.

"ఆ గోలు ఎందుకిచ్చారు?" అన్నారు మా ఆయన. "అది ఆఫ్‌సైడ్. నేను మూలనుంచి చూశాను. ఆరోజు మీ తరఫున మాట్లాడానని ఇచ్చారా? నిజం చెప్పండి. నాకోసం ఇచ్చారా?"

కండక్టరు బిత్తరపోయాడు. "ఆఫ్‌సైడా? నిజంగానా?" అని వెనక్కి తిరిగి, గోలు వైపు చూసి, తల పట్టుకున్నాడు. "వాళ్ళ పొడుగాయన అడ్డం వచ్చాడండీ. నాకు కనబడలేదు. కనబడనిదానికి విజిల్ ఎలా వేయను? అయ్యో, తప్పయిపోయిందే!"

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక రాత్రంతా నిద్రపోడని చూస్తేనే తెలుస్తోంది. మా ఆయన అతని మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా భుజం తట్టి వెనక్కి వచ్చారు.

"ఏమిటట?" అన్నారు బావగారు.

"కనబడలేదట."

"నువ్వు నమ్మావా?"

"నమ్మాను అన్నయ్యా. నిజంగానే కనబడలేదు."

బావగారు చాచిన చేతులు దించుకున్నారు.  "అంటే... మిగతావన్నీ కూడా అంతేనంటావా? ఆ వానలో ఆడిన ఫైనల్? పోస్టుకు తగిలి లోపలికెళ్ళిన బంతి?"

మా ఆయన గోలు వైపు చూశారు.

"అయితే ఇన్నేళ్ళూ మనం ఊరికే ఓడిపోయామా?" అన్నారు బావగారు. "ఎవడూ ఏమీ చేయకుండా, మామూలుగా, మనంతట మనమే ఓడిపోయామా?"

 అంత పెద్దమనిషి గట్టుమీద కూలబడ్డారు. చిన్నపిల్లాడిలా గడ్డి పీకుతూ కూర్చున్నారు. మా ఆయన వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు.

"వద్దురా" అన్నారు బావగారు తలెత్తకుండా. "వాడు అమ్ముడుపోయాడనే ఉండనీ. ఆ మాత్రం కూడా లేకపోతే వచ్చే ఆదివారం నేను ఏ మొహం పెట్టుకుని రాను?"

మా ఆయన కూడా ఒక గడ్డిపోచ పీకారు.

"ఈయన కాదు అన్నయ్యా" అన్నారు చివరికి. "ఆ వానలో ఫైనల్‌కు వచ్చిన రిఫరీ వేరే ఆయన. ఊరు వదిలి కూడా వెళ్ళిపోయాడు. కావాలంటే ఆయన ఒక్కడూ అమ్ముడుపోయాడనుకుందాం."

బావగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఆ ఒక్కటీ ఖాయమేనా?"

"ఖాయం" అన్నారు మా ఆయన.